కొల్లేరు ఎంత?

కొల్లేరు ఎంత ఉంటుందని అడగడం పెళ్లివారింట్లో ఎంతమంది ఉంటారని అడగడం లాంటిది. ఏ పూట సంగతో ముందు చెప్పాలి. వైశాఖంలో వెళ్తే మోకాటి లోతు నీళ్లు, తుంగ, కిక్కిస, ఆ పక్కన బీటలు వారిన నల్లమట్టి. భాద్రపదంలో ముసురు పట్టాక వెళ్తే అవతలి ఒడ్డు ఆనదు. ప్రభుత్వ రికార్డులు కూడా ఈ చిక్కు ఒప్పుకుని ఒక్క అంకెతో సరిపెట్టవు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే 135 చదరపు కిలోమీటర్లు, ఐదడుగుల దాకా అయితే 308, పదడుగులకు చేరితే 901. ఏడడుగులు పెరిగేసరికి సరస్సు ఆరింతలు దాటిపోతుంది. నేల అంత చదును.

ఈ ఎత్తుగీతలకు కాంటూర్లని పేరు. కైకలూరు, ఆకివీడు వైపు ఆ మాట తెలియని మనిషి ఉండడు. వేలిముద్ర వేసే ముసలాయన కూడా టీ కొట్టు బల్ల మీద కూర్చుని "మాది ఐదో కాంటూరు లోపలండి" అని తడబడకుండా చెప్తాడు. ఆ గీత అటు జరిగితే వాళ్ల చెరువు నేరం, ఇటు జరిగితే జీవనాధారం. అలాంటప్పుడు సర్వే భాష ఎవరికైనా నోటికొస్తుంది.

నాకైతే కొల్లేటి గొడవంతా ఈ అంకెల్లోనే ఉందనిపిస్తుంది. ఏడాదికోసారి పెరిగి, ఏడాదికోసారి తగ్గడం దాని స్వభావం. దాన్ని ఒక కొలత దగ్గర ఆపాలని అందరం పట్టుబట్టాం. చేపలు పెంచేవాడు గట్టు వేసి ఆపాలనుకున్నాడు. ప్రభుత్వం జీవో ఇచ్చి ఆపాలనుకుంది. పక్షుల మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఐదో కాంటూరు దగ్గర గీత గీసి "ఇదీ కొల్లేరు" అన్నారు. వీళ్లలో ఎవరి పక్షం నేనంటే గీత గీసినవాళ్ల పక్షమే, ఆ సంగతి దాచను. కానీ ఆ గీత కొల్లేరు గీసుకున్నది కాదన్న స్పృహ ఉంటే మాటల్లో కాస్త వినయం ఉండేది.

అసలు ఈ పల్లం ఎందుకుంది? కృష్ణా, గోదావరీ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోసి చెరొక డెల్టా కట్టుకున్నాయి. రెంటి నడుమా పూడకుండా మిగిలిపోయిన పల్లం కొల్లేరు. మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు, మెట్ట ప్రాంతం నుంచి తమ్మిలేరు, రామిలేరు, వీటికి తోడు రెండు డెల్టాల వరి చేల మురుగు కాలువలు, అన్నీ వచ్చి దీన్లోనే పడతాయి. వచ్చే దారులు కొల్లేటి చాంతాడంత. పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వంకర్లు తిరుగుతూ అరవై కిలోమీటర్ల పైచిలుకు పోయి సముద్రంలో కలుస్తుంది. రాక ఎక్కువ, పోక తక్కువ. అందుకే వరద వచ్చినప్పుడు నీళ్లు నాలుగు రోజులు ఒళ్లు చాపుకుని పడుండడానికి చోటు కావాలి. ఆ చోటే మూడో కాంటూరుకూ పదో కాంటూరుకూ మధ్య ఉన్న నేల. వేసవిలో చూసినవాడికి అది ఖాళీ భూమిలా కనిపిస్తుంది, తప్పు పట్టడానికి లేదు.

పూర్వం అక్కడివాళ్లు ఈ రాకపోకలను రెండు చేతులా వాడుకున్నారు. నీళ్లున్నన్నాళ్లూ చేప, నీళ్లు తీసిన నేల మీద వరి. వడ్డీలనే మత్స్యకారుల ఇళ్లల్లో మగవాళ్లు తాటిదోనె మీద నిలబడి గెడ వేసుకుంటూ పోయి మావులు పెట్టి వచ్చేవారు. మావు అనే ఉచ్చులోకి చేప పోగలదు, తిరిగి రాలేదు. కొరమేను, మట్టగిడస, బొమ్మిడాయి, ఇంగిలాయి, వాలుగ దొరికేవి. కొల్లేటికోట అప్పట్లో అచ్చమైన లంక. అక్కడి పెద్దింట్లమ్మ జాతరకు పడవల్లో పోవడమే. ఇదంతా చెప్తుంటే స్వర్గం తలుచుకుంటున్నట్టు ఉంటుంది గానీ ఆ బతుకులో మురిసిపోవడానికి ఏమీ లేదు. రోగం వస్తే పడవ కావాలి, బడికి పోవాలన్నా పడవే. పోయిన నీళ్లు మళ్లీ తొందరపడి వస్తే కోతకొచ్చిన వరి కళ్లముందే మునిగేది. రెండేళ్లు పండితే మూడో ఏడు ముంచేది.

కాబట్టి గట్లు దురాశతో మొదలవలేదు, ఇది గట్టిగా చెప్పాలి. 1970ల మధ్యలో ప్రభుత్వమే పూనుకుని పేద మత్స్యకారులకు సొసైటీలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. మునిగే వరి కంటే మునగని చేప నయమన్న ఆలోచన. ఆనాటి లెక్కకు అది సంక్షేమమే. తవ్విన మట్టి చుట్టూ గట్టుగా పోశారు. ఏడాదికి కొన్ని నెలలుండే నీటిని పన్నెండు నెలలూ నిలబెట్టే యంత్రం ఆ గట్టు. లాభం కళ్లబడ్డాక సొసైటీల చెరువుల పక్కన సొసైటీ లేని చెరువులు వచ్చాయి. పట్టణాల నుంచి డబ్బు దిగింది. నీటి మీద హక్కు కాగితం మీద వడ్డీల పేరున ఉంది, పెట్టుబడి పెట్టింది ఇంకొకరు. మధ్యలో లీజు అనే పదం నిలబడింది. సొంత సరస్సులో తన పేరు మీదున్న చెరువుకు కాపలా కూలీగా కుదిరిన మనిషి ఆ చుట్టుపక్కల కొత్త కాదు.

చేపల చెరువును దగ్గర నుంచి చూడనివాళ్ల కోసం ఒక పొద్దుట సంగతి చెప్తాను. తెల్లవారగానే ఇద్దరు మనుషులు మేత పడవ తీస్తారు. పడవ నిండా తవుడూ చెక్కా కలిపి నింపిన ప్లాస్టిక్ సంచులు. సంచి అడుగున మేకుతో పొడిచిన చిల్లులుంటాయి. చెరువులో వరసగా కర్రలు పాతి వాటి మధ్య తాళ్లు కట్టి ఉంచుతారు. ఒకడు గెడ వేస్తుంటే ఇంకొకడు ఒక్కో సంచినీ తాడుకు వేలాడదీస్తూ పోతాడు, సగం సంచి నీళ్లలో మునిగేటట్టు. ఆయన చెయ్యి తీసీ తీయకముందే నీళ్లు కలబడతాయి. శీలావతులు సంచిని మూతులతో పొడిచి చిల్లుల్లోంచి తవుడు లాక్కుంటాయి. సంచి దానంతటది ఊగుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఖాళీ సంచులు తేలి గాలికి అటూ ఇటూ కొట్టుకుంటాయి. తవుడు చాలనప్పుడు కోళ్ల పెంట పడుతుంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే రైతు మొహం వికసిస్తుంది. అదే రంగు గట్టు బయట పారే కాలువలో కనిపిస్తే కాలుష్యం అంటాం.

పట్టుబడి రోజున ఈ గట్టు మీదికే లారీలు వస్తాయి. వల దగ్గరికి లాగేకొద్దీ చేప ఎగిరి మొహాలకు కొడుతుంది. కాటా, ట్రేలు, ఐసు దంచే చప్పుడు, లెక్క రాసేవాడి అరుపులు. సాయంత్రానికి బొచ్చె, శీలావతి ఐసులో పడుకుని బెంగాలుకో అస్సాముకో బయల్దేరతాయి. అక్కడ మధ్యాహ్నం భోజనంలో చేప లేకపోతే ముద్ద దిగదు. మన వైపు తినేది తక్కువ. కొల్లేటి చెరువు చేప కంటే నాటు కొరమేనే రుచి అని మన నాలుకకు తెలుసు. ఎక్కడో హౌరా దగ్గర ఒక ఇంటి కంచంలో పడే ముక్క కోసం ఇక్కడ ఒక గట్టు నిలబడుతుంది. దీన్ని నేరమనలేను. ఆ ముక్క ఖరీదులో సరస్సు ఖరీదు కలవలేదని మాత్రం అనగలను.

1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రానికి గట్టు కరగలేదు. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పొక్లెయిన్లు దిగాయి, కొన్నిచోట్ల మందుగుండు పెట్టి పేల్చారు. వేల ఎకరాల చెరువుల గట్లు తెగాయి. ఆ దృశ్యాలు టీవీలో చూసి ఊళ్లల్లో ఉన్న మాలాంటివాళ్లం సంబరపడ్డాం. ధైర్యమున్న పని, చెయ్యాల్సిన పని. అయితే గట్టు పడగొట్టారు గానీ గట్టు కట్టించిన లెక్కను ముట్టుకోలేదు. ఎకరం వరికీ ఎకరం చేపకూ మిగిలే సొమ్ములో తేడా అలాగే ఉంది. లీజుదారు తన పెట్టుబడి ఇంకోచోటికి పట్టుకుపోయాడు. లీజు డబ్బు మీద బతికే ఇంటికి పోవడానికి చోటు లేదు. తర్వాత్తర్వాత ఒకచోట అడుగు, ఇంకోచోట రెండడుగులు, రాత్రిపూట మట్టి పడుతూనే వచ్చింది.

2008లో శాసనసభ అభయారణ్యం హద్దును ఐదు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదును కదపొద్దంది. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ మూడా ఐదా అన్న మాట వస్తూనే ఉంది. వింటే రెండడుగుల పేచీ. రెండడుగులకు ఇంత రాద్ధాంతమా అని పైవాళ్లకు అనిపిస్తుంది. నేనొకసారి కాగితం మీద లెక్క వేసి చూశాను. మూడో కాంటూరుకూ ఐదో కాంటూరుకూ మధ్య పట్టే నీళ్లు స్థూలంగా నాలుగున్నర టీఎంసీల పైనే వస్తాయి. విజయవాడ ప్రకాశం బ్యారేజీ నిండా నిలిపే నీళ్లు సుమారు మూడు టీఎంసీలు. అంటే ఆ రెండడుగులూ వదులుకోవడమంటే బ్యారేజీ నిలవకు ఒకటిన్నర రెట్ల చోటును వరద నోటి దగ్గర నుంచి తీసెయ్యడం. ఏ ఇంజనీరూ సంతకం పెట్టే పని కాదు. అదే పనిని గట్టు గట్టుగా, చెరువు చెరువుగా, ఎవరి సంతకమూ లేకుండా చేస్తూ వచ్చాం.

2024 సెప్టెంబరు 1న బెజవాడ ఒక ఏటిని గుర్తు చేసుకుంది. బెజవాడ దుఃఖదాయిని అని పెద్దలు పేరు పెట్టిన బుడమేరును మళ్లింపు కాలువ తవ్వి కృష్ణలోకి తిప్పాక ఊరు నిశ్చింతగా నిద్రపోయింది. ఏటి పాత దారి మీద కాలనీలు లేచాయి. ఆ సెప్టెంబరు వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతోంది, ఎన్నడూ చూడనంత వరద. ఇంకొకరి నీళ్లు తీసుకునే స్థితి కృష్ణకు లేదు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేటల్లో జనం మేడల మీద రోజులు గడిపారు. బుడమేరు ఎటు పోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, దానికి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు, కొల్లేటికే. గండ్లకు కొల్లేటి గట్లే కారణమని చెప్పను, అది అన్యాయం. ఏటి గట్ల నిర్వహణ, దారి మీద కట్టడాలు, కురిసిన వాన అన్నీ ఉన్నాయి. కానీ దిగువన చోటు ఇరుకయ్యేకొద్దీ ఎగువన నీరు నింపాదిగా కదులుతుందన్నది చదువుకోనివాడికీ తెలిసే విషయమే. కైకలూరు దగ్గర వేసిన గట్టుకూ సింగ్ నగర్‌లో తడిసిన పరుపుకూ చుట్టరికముంది, దూరపు చుట్టరికమే అయినా.

ఎదురు చుట్టరికం కూడా ఉంది. దాని గురించి నగరం మాట్లాడదు. బెజవాడ మురుగు బుడమేరులోకి, ఏలూరు మురుగు తమ్మిలేరులోకి చేరి, అక్కడి నుంచి కొల్లేటికే పోతుంది. చేపల రైతు కొల్లేరు పాడుచేశాడని పేపరు చదివి నిట్టూర్చే ఇంటి స్నానాల గది నీళ్లు కూడా ఆ సరస్సులోనే తేలతాయి. పురుగుమందు, యూరియా కడుక్కుని వచ్చే వరి చేల నీళ్లూ అంతే. సరస్సు తట్టుకోలేనంత ఎరువు అందితే గుర్రపుడెక్క పండుగ చేసుకుంటుంది, వేరే ఎవరికీ చోటివ్వదు. కాలువ మీద అది పరుచుకుంటే దానిపై కుక్క నడిచిపోవడం కళ్లారా చూశాను. నేరస్తుణ్ణి ఒకణ్ణి చూపించమంటే వేలు గుండ్రంగా తిప్పాల్సి వస్తుంది, అది తిరిగి తిరిగి చూపించినవాడి దగ్గరికే వస్తుంది.

పక్షుల సంగతి చెప్పకుండా కొల్లేటి మీద ఎవరూ రాయరు. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం వస్తారు. పడవలో కాస్త లోపలికి పోతే వందలాది గూడబాతులు, పిల్లలకు సంచిలాంటి దవడలోంచి మేత తినిపిస్తూ, ఒకటే గోల, ముక్కు పగిలే రెట్టల వాసన. కెమెరాలు పిట్టల మీద ఉంటాయి. నా చూపు వాటి కాళ్ల కింద ఉన్నదాని మీద పడింది. ఇనప స్టాండ్లు. చెట్లు చచ్చిపోతే అటవీశాఖవారు ఇనప కమ్మీలతో మంచెలు కట్టించి నీళ్లలో నిలబెట్టారు. గూడబాతు అభ్యంతరం చెప్పలేదు, పుల్లలు తెచ్చి గూడు పేర్చుకుంది. కొత్త నివాసం ఇచ్చినవాళ్లను మెచ్చుకోవాలి, ఆ ఇనుము లేకపోతే ఆ పిల్లలు లేవు. దాన్నే మన విజయంగా ఫొటో తీసి అచ్చువేసుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ మడుగుకీ చుట్టూ గట్టే ఉంది. అక్కడికి కాస్త దూరంలో చెరువుల మీద పిట్టలు వాలకుండా నైలాను దారాలు కట్టి ఉంటాయి, కాపలావాడు టపాకాయలు కాలుస్తుంటాడు. ఒక గట్టు లోపల పిట్ట అతిథి, పక్క గట్టు లోపల దొంగ.

ప్రతి ఏటా జూన్ 5న పర్యావరణ దినమని ఊరూరా మొక్క నాటి ఫొటో దిగుతాం. నాకు మొక్కల మీద కోపం లేదు. ఎవరి జేబూ తడమని, ఎవరి భూమీ అడగని పర్యావరణం కాబట్టే అది అంత సులువుగా జరిగిపోతుందని అనుమానం. కొల్లేటికి కావలసింది చోటు, అంటే భూమి. ఆ భూమికి పట్టాలున్నాయి, జిరాయితీ ఉంది, డి-ఫారం ఉంది, సొసైటీ ఉంది, తరాలుగా పాతుకున్న ఇళ్లున్నాయి. వాళ్లను ఖాళీ చేయమని చెప్పే హక్కు మురుగు పంపే నగరానికి ఎక్కడిది?

మా పెదనాన్నగారి అబ్బాయికి అటువైపు పొలముంది. ఐదో కాంటూరు సరిగ్గా ఆ చెక్క మధ్య నుంచి పోతుందని సర్వేలో తేలింది. తూర్పు సగంలో చేప వేస్తే నేరం, పడమటి సగంలో వేస్తే వ్యవసాయం. మధ్యలో రాయి పాతారు, ఆ రాయి మీద పశువులు వీపు గోక్కుంటాయి. 2006లో తూర్పు సగం గట్టు తెగింది. పరిహారం మాట ఆ రోజుల్లో విన్నాడు, ఇంకా వింటూనే ఉన్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నా మనసులో మాట చెప్పాను. అన్నయ్యా, చేప కోసం లీజు ఇస్తారు గదా, నీళ్ల కోసం లీజు ఎందుకివ్వకూడదు అన్నాను. వానాకాలం నాలుగు నెలలూ నీళ్లు వచ్చి నీ పొలంలో నిలబడతాయి, గట్టు వెయ్యవు, నిలబడనిచ్చినందుకు ఎగువ ఊళ్లు నీకు కౌలు కడతాయి, నీళ్లు తీశాక మందులు కొట్టకుండా వరి వేసుకుంటావు అని. బెజవాడలో ఇంటిపన్నుతో పాటు కొల్లేటి కౌలని పది రూపాయలు వసూలు చేస్తే తప్పేముంది అని కూడా అన్నాను. నవ్వుతాడనుకున్నా.

ఆయన పళ్లెంలో ఉన్న అరిసె తుంచి నోట్లో వేసుకుని, నమిలి, అప్పుడు అడిగాడు: "ఎకరానికి ఎంతిస్తారంటరా?"

నాకు తెలీదన్నాను.

"ఎంతైనా సరే, ఏటికాయేడు ఇవ్వాలి. ఒకేసారి చేతిలో పోస్తే ఆడపిల్ల పెళ్లికి పోద్ది, మర్నాడు మళ్లీ గట్టు ఏస్తాం. ఇంకోటి, లీజుదారుకి ఇవ్వకూడదు, పట్టా ఎవరిదో ఆడికివ్వాలి. పట్టా లేని వడ్డోళ్లకి సొసైటీ ఖాతాలో కాదు, మనిషి ఖాతాలో ఎయ్యాలి. మూడోది, ఆ నీళ్లు మురుగు లేకుండా రావాలి. మీ బెజవాడోళ్ల కంపు నా పొలంలో నాలుగు నెలలు నిలబెడితే దానికి రేటు వేరే."

వదిన లోపల్నుంచి కాఫీ తెస్తూ ఆ మాట వింది. "ఉప్పుటేరు సంగతి కూడా రాయమను, వేసవిలో బోరు నీళ్లు ఉప్పొస్తన్నాయి" అంది.